బొమ్మ లేని బొమ్మ మనది కాదా?

(జనగామలో దళిత యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని మాట్లాడమన్న విషయం నైరూప్య చిత్రకళ. పేరు వింటేనే మనది కాదనిపిస్తది. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. ఉత్త రంగులు, గీతలు. హైదరాబాదులో చల్లటి గదుల్ల గోడకు తగిలిస్తరు, ఉన్నోళ్లు లక్షలు పోసి కొంటరు. కూలి రేటు కోసం, బొందలగడ్డ జాగ కోసం కొట్లాడేటోళ్లకు ఈ గీతలెందుకని మనలోనే కొందరు అడుగుతున్నరు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం హైదరాబాదు దాకా పోనవసరం లేదు. మేడారం పోదాం పాండ్రి.

2016లో వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు మేడారం భూపాలపల్లి జిల్లాలో కలిసింది. 2019లో ములుగు జిల్లాకు పోయింది. జిల్లా ఏదైనా సమ్మక్క సమ్మక్కనే. రెండేండ్లకోసారి మాఘమాసంల చిలకలగుట్ట నుంచి తల్లిని తెస్తరు. ఏం తెస్తరు? ఒక కుంకుమ బరిణె. గద్దె మీద వెదురు. ముక్కు లేదు, కండ్లు లేవు, కిరీటం లేదు, నాలుగు చేతులు లేవు. అయినా లక్షలమంది దాని ముందర ఏడుస్తరు, ఎత్తు బెల్లం ఇస్తరు. కాకతీయుల సైన్యంతో కొట్లాడి గుట్టల్లో మాయమైన తల్లి వాళ్లకు అండ్లనే కనపడుతది. రూపం లేని దాంట్ల అర్థం చూడాలంటే పెద్ద చదువు కావాలె అనేటోళ్లు ఒక్కసారి జాతరల నిలబడి చూడాలె.

అదే జాతరకు మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును నడుచుకుంట తీసుకొస్తరు. కోయోళ్లకు పడిగెలుంటయి. మూడు మూలల గుడ్డ. దాని మీద సూర్యుడు, చంద్రుడు, జంతువులు, గట్ల గుర్తులు. తెలియనోనికి అవి పిల్లలు గీసిన గీతల్లాగ ఉంటయి. తెలిసిన పెద్దమనిషి చదివితే వంశం కథంతా వినబడతది. ఇది ఆదివాసుల ఆస్తి. మనదని చెప్పుకుంటే అది ఇంకో దోపిడీ అయితది. పక్కింటోళ్ల సంపదను గౌరవించి మన ఇంటికి వద్దాం.

మన జనగామ పక్కనే చేర్యాల. 2016 దాకా మనతోపాటు వరంగల్ జిల్లాలనే ఉండె, ఇప్పుడు సిద్దిపేట జిల్లాల ఉన్నది. అక్కడి నకాశీ పని చూసినోళ్లు మీలో ఉంటరు. ముతక గుడ్డ తీసుకుంటరు. చింతగింజల గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఎండబెడతరు. ఎండినంక గుడ్డ తోలు లెక్క బిగుసుకుంటది. దాని మీద కుంచెతోనే నేరుగ గీస్తరు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడుగు పటాలు వేసిన్రు. బొమ్మల వెనుకంతా ఎరుపు నింపుతరు. ఆ ఎరుపు ఆకాశమా, నేలనా, గోడనా? ఏదీ కాదు. అడవిలో ఎరుపే, కోటలో ఎరుపే, పగలు ఎరుపే, రాత్రి ఎరుపే.

ఆ చిత్రకారునికి ఆలోచన ఎక్కడి నుంచి వచ్చేది? కథ చెప్పే కులం వచ్చి ముందర కూసుండేది. కూనపులోళ్లు పద్మశాలీల కథ చెప్పి గీయించుకునేది. కాకిపడిగెలోళ్లు ముదిరాజుల కథ. మన డక్కలోళ్లు జాంబపురాణం. మాదిగలను తప్ప ఇంకెవ్వరినీ అడుక్కోని డక్కలోళ్లు, మాదిగవాడకొచ్చి పటం కట్టి, కట్టెతో ఒక్కో బొమ్మను చూపిచ్చుకుంట పాడిన్రు. భూమి పుట్టకముందే ఆరు నెలలకు ముందు మన తాత జాంబవుడు పుట్టిండని పాడిన్రు. బడిల అడుగు పెట్టనియ్యని రోజుల్లో మనకు చరిత్ర పుస్తకం ఆ పటమే.

ఇప్పుడు ఆలోచించుండ్రి. భూమి ఇంకా పుట్టలేదు. చెట్టు లేదు, గుట్ట లేదు, నిలబడేటందుకు జాగ లేదు. దాన్ని గీయమంటే ఏం గీస్తరు? రంగు గీయాలె, ఖాళీ గీయాలె, నీళ్ల కదలిక గీయాలె. నైరూప్య చిత్రకారుడు పట్టుకొని తన్లాడేది ఈ చిక్కునే. మన తాతలు దాన్ని పాటల ఎప్పుడో పెట్టిన్రు.

చేర్యాల పటానికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. నకాశీ కుటుంబాలకు నాలుగు మెతుకులు దొరకాలె. కానీ దుకాణంల కొనేటోళ్లకు కావాల్సింది గోడకు పట్టే చిన్న బొమ్మ. బోనమెత్తిన ఆడమనిషి, కల్లు గీసే గౌడన్న, మాస్కులు. కట్టె పట్టుకొని పాడే డక్కలాయన ఆ దుకాణంల ఎక్కడున్నడు? పటం గోడ మీదికి పోయింది, పాట వాడ పొలిమేరలో ఆగిపోయింది. మనం కూడా ఆయన్ను పిలుస్తలేము. టెంటు, డీజేలకు వేలు పెడుతున్నం గదా!

ప్రపంచంల నైరూప్య చిత్రకళకు పెద్దపేరు కాండిన్‌స్కీ. రష్యావాడు. 1889లో, లా చదివే రోజుల్లో, రైతుల కట్టుబాట్లు తెలుసుకోవటానికి వొలోగ్డా ప్రాంతానికి పోయిండు. ఆ పల్లెటూరి ఇండ్లల్ల గోడలు, పెట్టెలు, బల్లలు అన్నీ రంగులే. బొమ్మ లోపలికి నడిచిపోయినట్టు అనిపించిందని తర్వాత రాసుకున్నడు. అంటే వాళ్ల గొప్ప కళకు కూడా పల్లెటూరి గుడిసెనే ఒక బడి అయింది.

మనోళ్లల్ల అంబాదాస్ ఉన్నడు. 1922లో మహారాష్ట్రలోని అకోలాల దళిత కుటుంబంల పుట్టిండు. చేనేత డిజైన్ల కేంద్రంల పనిచేసిండు. 1963లో ఢిల్లీల ప్రదర్శన పెట్టిన 'గ్రూప్ 1890'లో ఒకడు. తర్వాత నార్వే పోయి అక్కడనే ఉండి 2012లో చనిపోయిండు. ఆయన బట్ట మీద మనిషి లేడు, గుడిసె లేదు. దున్నిన మట్టిల వానపాములు పాకినట్టు కుంచె జాడలు పాకుతుంటయి. అంబేడ్కర్ బొమ్మ గీయలేదు, ఆకలి గీయలేదు, మరి మనోడెట్లయితడని అడిగేటోళ్లున్నరు. మేం ఆ మాట ఒప్పుకోం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన పోస్టర్ల మీద నెత్తురు గీసుకున్నం, గీయాలె, ఇంకా గీస్తం. కానీ దళితుడంటే ఏడుపు బొమ్మనే గీయాలె, ఉత్త రంగుతో ఆడుకునే హక్కు మాత్రం పెద్దకులపోళ్లదంటే, అది కూడా ఒక వెలివాడనే. దాన్ని కట్టింది వాళ్లయితే కాపలా కాసేది మనమా?

బడిల డ్రాయింగ్ అంటే పూలకుండీ గీయమంటరు. మా పిల్లల ఇండ్లల్ల పూలకుండీ ఎవరికున్నది? మన తాతలు తోలును సున్నంల నానబెట్టి, తంగేడు చెక్క నీళ్లల్ల ఊరబెట్టిన్రు. సున్నపు తెలుపు, చెక్క ఎరుపు, పదునెక్కిన తోలు గోధుమరంగు వాళ్ల వేళ్లకు తెలుసు. మంట మీద కాగిన డప్పు మొఖం మీద లేచే మచ్చలు చూడుండ్రి. పెరట్ల అమ్మ అలికిన చేతి వాటం చూడుండ్రి. అవన్నీ గీయొచ్చు. ఇది ఏం బొమ్మరా అని పంతులు అడిగితే, మా తాత చేతులు సార్ అని చెప్పుండ్రి.

ఇగ పని సంగతి. వచ్చే పక్షం కూడికకు ప్రతి వాడ నుంచి రెండు గజాల ముతక గుడ్డ, ఒక శేరు చింతగింజలు తీసుకరావాలె. గింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రే నానబెట్టుకొని రండ్రి, గంజి ఇక్కడ కాస్తం. మీ ఊళ్లకు ఏ డక్కలాయన వచ్చేది, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నడు, ఇంట్ల పటముందా, చిరిగిందా, అమ్ముకున్నడా అని ముసలోళ్లను అడిగి రాసుకొని రండ్రి. పటం ఉంటే మీరు పట్టుకరావద్దు. ఆయన్నే పిలుద్దాం. రానుపోను ఛార్జీలు, బట్టలు, ఆ రోజు కూలి మనమే చందా వేసి ఇద్దాం. ఆయన పాడుతుంటే పిల్లలు గీస్తరు. ఏం గీస్తరో వాళ్ల ఇష్టం.