సరిహద్దు గీత ఆటస్థలానిదే కావాలి
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల క్రీడా బహుమతి ప్రదాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

బహుమతి ప్రదాన సభలో క్రీడల వల్ల దేహదారుఢ్యం, క్రమశిక్షణ అలవడుతాయని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట మీరు చాలాసార్లు విన్నారు కనుక నేడు నేను మరొక సంగతి ముచ్చటిస్తాను. అంతర పాఠశాలల ఫుట్‌బాల్ పోటీ ముగిసిన సాయంత్రం ఏడవ తరగతి బాలుడొకడు నా గదికి వచ్చి, "టీచర్, మనం ఇక్కడి వాళ్ళమా, బయటి వాళ్ళమా?" అని అడిగాడు. ఆటలో ఎవరో వాణ్ణి "బయటి వాడు" అన్నారట. చిన్న పిల్లల మాటేనని ఊరడించి పంపాను గాని, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వానికి నేను బాకీపడిన సమాధానమే ఈ ప్రసంగం.

మన పాఠశాల వెలసిన నాటికి బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. కన్నడం, మరాఠీ, తెలుగు, ఉర్దూ ఒకే అంగడిలో వినవచ్చే సీమ ఇది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగింది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్ ప్రాంతాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఉద్గీర్ వైపు తాలూకాలు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. మన బడి గోడలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. మనం ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళం కాము. కదిలింది సరిహద్దు.

సరిహద్దు కదిలితే మనిషి ఏమవుతాడన్న దానికి ఫుట్‌బాల్ చరిత్రలో ఒక చక్కని నిదర్శనం ఉన్నది. ఫ్రాన్స్ దేశంలో వృత్తి క్రీడాకారుల అగ్రశ్రేణి లీగ్ 1932లో ఆరంభమయింది. ఆ లీగ్‌లో విదేశీయులు ఎందరో రాణించారు. ఒక్క సీజనులో 44 గోల్స్ చేసి 1970-71లో రికార్డు నెలకొల్పిన జోసిప్ స్కోబ్లార్ యుగోస్లావియా దేశస్థుడు. ఆ లీగ్‌లో మొత్తం 299 గోల్స్‌తో అందరికన్నా ముందున్న డేలియో ఓనిస్ ఇటలీలో పుట్టి అర్జెంటీనాలో పెరిగినవాడు. మీరు బొమ్మలు అంటించుకునే మెస్సీ కూడ 2021 నుంచి 2023 వరకు పారిస్ జట్టుకే ఆడాడు.

వీరందరి మధ్య రషీద్ మెఖ్లూఫీ కథ విలక్షణమైనది. ఆయన అల్జీరియాలో జన్మించాడు. అల్జీరియా అప్పుడు ఫ్రాన్స్ పాలనలో ఉన్నందున చట్టం దృష్టిలో ఆయన ఫ్రెంచి ఆటగాడే. సెంతెత్యేన్ క్లబ్బుకు ఆడుతూ 1957లో లీగ్ విజేతగా నిలిచాడు. ఫ్రాన్స్ జాతీయ జట్టులోను స్థానం సంపాదించాడు. 1958 ఏప్రిల్‌లో, ప్రపంచ కప్పు పోటీలకు రెండు నెలల ముందు, ఆయనా మరికొందరు అల్జీరియా ఆటగాళ్ళూ రహస్యంగా ఫ్రాన్స్ విడిచి, స్వాతంత్ర్య పోరాటం సాగిస్తున్న తమ వారి జట్టులో చేరిపోయారు. కీర్తి, ధనం, ప్రపంచ కప్పు అన్నింటినీ వదులుకున్నారు. 1962లో అల్జీరియా స్వతంత్రమయింది. అదే సంవత్సరం మెఖ్లూఫీ అదే సెంతెత్యేన్ క్లబ్బుకు తిరిగివచ్చాడు. ఇప్పుడాయన విదేశీయుడు! ఆ కాళ్ళు అవే, ఆ క్లబ్బు అదే, మారినది రాజ్యాల పటం మాత్రమే. క్లబ్బు ఆయనను అక్కున చేర్చుకున్నది. ఆయన ఆటతో 1964, 1967, 1968లలో మళ్ళీ విజేత అయింది. ఏడవ తరగతి నాయనా, నీ ప్రశ్నకు మొదటి సమాధానం ఇది. "బయటి వాడు" అన్నది మనిషిలో ఉండే గుణం కాదు. ఎవరో పటం మీద గీసిన గీతకు ఒక పక్కన నిలబడి చూచేవారు పెట్టే పేరు.

నియమాలు కూడ మనుషులు చేసినవే గనుక మారుతాయి. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ తన ఒప్పందం ముగిసిన పిమ్మట ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకు వెళ్ళదలచాడు. పాత క్లబ్బు అడ్డుపడింది. ఆయన న్యాయస్థానానికి వెళ్ళాడు. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం, ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి పాత క్లబ్బు నిలువరించరాదనీ, ఐరోపా సమాఖ్య పౌరులపై విదేశీయులన్న పేరిట సంఖ్యాపరిమితి విధించరాదనీ తీర్పు చెప్పింది. ఒక్క సామాన్య క్రీడాకారుని పట్టుదల ఖండమంతటి నియమాన్ని మార్చివేసింది. అదే ఏడాది ఐరోపాలో ఉత్తమ ఆటగానికిచ్చే స్వర్ణ బంతి పురస్కారం లైబీరియా దేశస్థుడు జార్జ్ వేయాకు లభించింది. మన్రోవియా పేదవాడల్లో పెరిగిన ఆ యువకుడు 1988లో మొనాకో జట్టులో చేరి, పిదప పారిస్ జట్టులో రాణించి, ఆ ఖ్యాతినందుకున్నాడు. 2018 నుంచి 2024 వరకు తన దేశానికి అధ్యక్షుడుగా కూడ ఉన్నాడు.

ఇంతకూ మన తెలుగువారి ప్రస్తావన ఏదీ అని మీరడుగవచ్చు. వికాష్ ధోరసూ అన్న పేరు వినండి. చెవిన పడగానే మన దొరసామి గుర్తుకు రావడం లేదా? పందొమ్మిదవ శతాబ్దంలో చెరకు తోటల్లో పనిచేయడానికి ఒప్పంద కూలీలుగా లక్షలాది భారతీయులు మారిషస్ చేరారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినందున తెలుగువారిని అక్కడ కోరంగీలన్నారు. ఒకప్పుడు ఫ్రెంచివారి పాలనలో ఉండిన ఆ దీవిలో వారు ఫ్రెంచి మాటలు నేర్చారు గాని ఉగాదిని మరువలేదు. సింహాద్రి అప్పన్నను మరువలేదు. నేటికీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది అక్కడనే. అట్టి తెలుగు మూలాలు గల మారిషస్ కుటుంబానికి చెందిన బిడ్డ వికాష్ ధోరసూ. 1973 అక్టోబరు 10న ఫ్రాన్స్‌లోని ఆర్‌ఫ్లూర్‌లో జన్మించాడు.

ఆయన విదేశీయుడు కాడు, ఫ్రెంచి పౌరుడే. అయినా సముద్రం దాటివచ్చిన వారి సంతానం. పక్కనే ఉన్న ల ఆవ్ర్ రేవు పట్టణపు జట్టులో ఆట మొదలుపెట్టి, లియోన్, బోర్డో, ఇటలీలోని మిలాన్ జట్లకు ఆడాడు. 2003, 2004 సంవత్సరాల్లో లియోన్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 2006 ఏప్రిల్‌లో ఫ్రెంచి కప్పు ఫైనల్లో పారిస్ జట్టు తరఫున దూరం నుంచి ఆయన కొట్టిన గోల్ మార్సెయ్‌పై 2-1 విజయాన్ని తెచ్చింది. ఫ్రాన్స్ జాతీయ జట్టుకు 18 మ్యాచ్‌లు ఆడాడు.

అయితే నేను మీకు చెప్పదలచినది ఆ విజయాలను గురించి కాదు. 2006 ప్రపంచ కప్పు జట్టులో ధోరసూకు స్థానం లభించింది. ఫ్రాన్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆయన మాత్రం రెండు మ్యాచ్‌లలో కొద్దిసేపు ప్రత్యామ్నాయ ఆటగాడుగా దిగి, తక్కినదంతా బెంచిపై కూర్చొని చూచాడు. ఆ నాళ్ళలో చిన్న కెమెరాతో తన ఏకాంతాన్ని తానే చిత్రించుకున్నాడు. దర్శకుడు ఫ్రెడ్ పూలేతో కలిసి చేసిన ఆ చిత్రం "సబ్‌స్టిట్యూట్" అన్న పేరుతో 2007లో విడుదలయింది. గెలుపు గీతాల నడుమ, ఆడనివ్వబడని వాని మౌనాన్ని అది లోకానికి చూపింది. 2006లోనే పారిస్ క్లబ్బుతో విభేదాలు ముదిరి ఆయన తొలగింపబడ్డాడు. అయినా మాట్లాడడం మానలేదు. 2020లో పారిస్ నగర ఎన్నికల్లో కూడ పోటీచేశాడు.

బెంచి మీద కూర్చున్నవాణ్ణి గురించి చదివినప్పుడల్లా నాకు నా తప్పొకటి గుర్తుకు వస్తుంది. చాలా ఏళ్ళ క్రితం, నేను మరొక బడిలో పనిచేస్తున్నప్పటి మాట. ఇటుక బట్టీలో పనికి వచ్చిన కుటుంబంలోని ఒక బాలుడు సంవత్సరం మధ్యలో చేరాడు. బంతి వాని కాలికి అంటుకున్నట్లే ఉండేది. టి.సి. రాలేదనీ, రిజిస్టరులో ఇంకా పేరెక్కలేదనీ వాణ్ణి పోటీలో ఆడనివ్వలేదు. ఆ నిర్ణయం నాదే. ఆట సాగినంతసేపూ వాడు గీత బయట నిలబడి, బయటికి వచ్చిన బంతిని తెచ్చి అందించాడు. ఒక్క మాట అనలేదు. మరుసటి వారం బట్టీ పని ముగిసింది. ఆ కుటుంబం ఎటు వెళ్ళిందో తెలియదు. నియమం ప్రకారం నేను తప్పు చేయలేదని నాటి సహోపాధ్యాయులు ఓదార్చారు. నియమాన్ని పాటించాను గాని, ఒక్క అర్జీ వ్రాసి అనుమతి అడుగవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు. ఉపాధ్యాయురాలిగా నా తప్పు అదే.

ఫుట్‌బాల్‌లో మన దేశానికి గురుస్థానంలో నిలిచిన వ్యక్తి కూడ హైదరాబాద్‌కు చెందిన ఒక బడిపంతులే. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. 1951, 1962 ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణ పతకాలు తెచ్చిన శిక్షకుడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవారు అత్యధికులు బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. పన్నెండేళ్ళ తరువాత 1960 రోమ్ ఒలింపిక్స్‌లో రహీంగారి శిష్యులు అదే ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన సామాన్య కుటుంబంలో పుట్టినవాడు. ఏ పిల్లవాని కాలిలో ఏ విద్య దాగి ఉన్నదో ముందుగా చూడవలసినది గురువే.

చివరగా మన ఊరి మాట. కోట చూడవచ్చిన ప్రతి అతిథికీ మనం గర్వంగా చూపించే మహమూద్ గవాన్ మదరసా 1472లో వెలసింది. దాన్ని కట్టించిన గవాన్ ఎక్కడివాడు? పారశీక దేశంలోని గిలాన్ నుంచి వచ్చిన పరదేశి. బహమనీ రాజ్యానికి మంత్రి అయ్యాడు. ఆ ఆస్థానంలో దక్కనీలు, పరదేశులు అన్న రెండు వర్గాలు. ఆ వైరంలో పుట్టిన దొంగ లేఖ ఒకటి నమ్మి సుల్తాను 1481లో ఆయనకు మరణశిక్ష విధించాడు. ఆ తరువాత బహమనీ రాజ్యం ఎక్కువకాలం నిలువక ముక్కలయింది. పరదేశి కట్టిన విద్యాలయం మాత్రం శిథిలమైనా నేటికీ బీదర్‌కు శిరోభూషణం. బయటివాడని పొమ్మన్నవారి పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

తల్లిదండ్రులకు ఒక మనవి. తెలుగు మాధ్యమంలో పిల్లల సంఖ్య తగ్గుతున్నదన్న బెంగ మనందరికీ ఉన్నది. పిల్లలకు కన్నడం బాగా రావాలి. అది మనకు అన్నం పెట్టే నేల భాష. ఇంగ్లీషూ రావాలి. కాని తల్లి భాషను వదులుకుంటేనే తక్కినవి వస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఓడ ఎక్కిన కోరంగీలు ఉగాదిని వెంట తీసుకుపోయారు. ఉన్నచోటనే ఉన్న మనం దాన్ని జారవిడవడం న్యాయమా?

సహోపాధ్యాయులకు ఒక ప్రతిపాదన. ఈ ప్లాటినం జూబిలీ సంవత్సరం నుంచి మన బడిలో ఏ నెలలో చేరిన పిల్లవాడైనా, పిల్ల అయినా, చేరిన రోజే ఆటస్థలంలో అడుగుపెట్టాలి. కాగితాలు వెంట వస్తాయి. రాకపోతే అర్జీ నేను వ్రాస్తాను.

ఏడవ తరగతి నాయనా, ఇప్పుడు నీ ప్రశ్నకు పూర్తి సమాధానం విను. నీవు ఇక్కడివాడవే. నీ భాష ఇక్కడిదే, ఈ మన్ను నీదే. రేపు నీ జట్టులోకి ఎవరైనా కొత్తవాడు వస్తే, వాడెక్కడివాడని అడుగకు. ముందు బంతి వానికి అందించు.