బడిలో వైఫై, పిల్లల గుండె: ఒక సిగ్నల్స్ సైనికుడి మాట
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందే ఒక మాట. నేను డాక్టరును కాను. ఇంటర్మీడియట్ పాసై, జబల్‌పూర్‌లో ట్రైనింగ్ చేసి, కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో ఇరవై ఎనిమిదేళ్లు రేడియో సెట్ల మధ్య బతికి, సుబేదార్‌గా రిటైరైనవాణ్ణి. అందుకేనేమో కాలనీలో తల్లిదండ్రులు నన్నే అడుగుతుంటారు. "సాబ్, స్కూల్లో ప్రతి క్లాసుకీ వైఫై పెట్టారు. పిల్లల గుండెకు ఏమన్నా అవుతుందా?" అని. కమిటీ వారు కూడా ఇదే విషయం మీద నాలుగు ముక్కలు చెప్పమన్నారు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2010లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, సిమ్‌కో కౌంటీలో కొందరు తల్లిదండ్రులు బడిలో వైఫై వచ్చాక తమ పిల్లలకు తలనొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. ఆ వార్త దేశదేశాలు తిరిగింది. అక్కడి ఆరోగ్య శాఖ మాత్రం వైఫై తరంగాలు భద్రతా పరిమితికి చాలా తక్కువలో ఉన్నాయని చెప్పింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం రేడియో తరంగాలను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే 2బి వర్గంలో చేర్చింది. ఆ మాట క్యాన్సర్ గురించి అన్నది, గుండె గురించి కాదు. 2012 సెప్టెంబరులో మన దేశం సెల్ టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. 2015లో ఫ్రాన్స్ మూడేళ్ల లోపు పిల్లలుండే శిశు సంరక్షణ కేంద్రాల్లో వైఫై వద్దని, ప్రాథమిక పాఠశాలల్లో పాఠానికి అవసరం లేనప్పుడు ఆపి ఉంచాలని చట్టం చేసింది. ఇవన్నీ ముందుజాగ్రత్త చర్యలు. గుండె జబ్బు వచ్చిందని రుజువై చేసినవి కావు.

ఇక మనకు తెలిసిన విద్యతో చూద్దాం. రేడియో తరంగం గురించి సిగ్నల్‌మన్ మూడే మూడు అడుగుతాడు. పవర్ ఎంత, దూరం ఎంత, ఎంతసేపు? రేడియో రిలే డిష్ ఆన్‌లో ఉండగా దాని ముందు నిలబడవద్దని మా ఉస్తాద్‌లు మొదటి రోజే చెప్పేవారు. అది నిజమైన జాగ్రత్త. క్లాసులో ఉండే వైఫై డబ్బా పవర్ సుమారు వాటులో పదో వంతు. మేము వీపున మోసిన సెట్లు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా దూరం రెట్టింపైతే తరంగం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. మీటరు దూరంలో ఉన్న బలం నాలుగు మీటర్ల దగ్గర పదహారో వంతే. ఏడాదంతా వైఫై ఉన్నచోట కూర్చుంటే పడే మోతాదు, మొబైల్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడితే పడే మోతాదుతో సమానమని బ్రిటన్ ఆరోగ్య రక్షణ సంస్థ 2007లో చెప్పింది.

గుండె కూడా కరెంటు మీదే నడుస్తుంది గదా అంటారు. నిజమే. గుండె పైభాగంలో కుడివైపున పుట్టే చిన్న విద్యుత్ సంకేతంతోనే అది కొట్టుకుంటుంది. కానీ ఆ సంకేతం నిమిషానికి డెబ్బై, ఎనభై సార్లు వచ్చేది. వైఫై తరంగం సెకనుకు 240 కోట్ల సార్లు ఊగేది. అంత వేగానికి కండరం, నరం స్పందించవు. పవర్ చాలా ఎక్కువైతే ఒళ్లు వేడెక్కుతుంది. క్లాసురూములోని డబ్బాకు ఆ శక్తి లేదు. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం మొబైల్‌ను దానికి ఆరంగుళాల దూరంలో ఉంచుకోవాలి. చొక్కా పైజేబులో పెట్టుకోకూడదు.

మరి నేనెందుకు ఇంత చెబుతున్నాను? మా కాలనీలో ఒక హవల్దార్ కూతురు, పదకొండేళ్లది. బడిలో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, కాసేపటికి దానంతటదే తగ్గేది. స్కూల్లో వైఫై కొత్తగా పెట్టిన రోజులవి. ఇంకేముంది, అంతా దాని పనే అన్నారు. బడి మార్చారు. ఇంట్లో కనెక్షన్ తీసేశారు. నాలుగు నెలలు గడిచాయి. దడ మాత్రం కొత్త బడిలోనూ వచ్చింది, వైఫై లేని అమ్మమ్మ ఊళ్లోనూ వచ్చింది. ఒకనాడు వాళ్లమ్మ నాతో "అన్నయ్యగారూ, ఇప్పుడు పక్కనున్న టవర్ తీయించాలేమో" అంది. "అమ్మా, దడ వచ్చినప్పుడు ఎవరైనా నాడి లెక్కపెట్టారా?" అని అడిగాను. ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాతిసారి వచ్చినప్పుడు తండ్రి గడియారం పట్టుకుని చూస్తే నిమిషానికి రెండొందలు దాటింది. ఆస్పత్రిలో ఈసీజీ తీశారు. పుట్టుకతోనే గుండెలో ఒక అదనపు కరెంటు దారి ఉందని తేలింది. మన భాషలో చెప్పాలంటే షార్ట్ సర్క్యూట్. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నటి తీగ పంపి ఆ దారిని మూసేశారు. ఆ పిల్ల ఇప్పుడు స్పోర్ట్స్ డేలో పరుగెడుతోంది.

లైన్ చచ్చిపోతే మనం ఏం చేసేవాళ్లం? ఒక కొస నుంచి టెస్ట్ చేసుకుంటూ పోయి ఫాల్ట్ ఎక్కడుందో పట్టుకునేవాళ్లం. టెస్ట్ చేయకుండా ఎక్స్‌ఛేంజిని తిట్టేవాణ్ణి ఉస్తాద్ ఊరుకునేవాడా? పిల్లల విషయంలోనూ అదే పద్ధతి. వైఫై మీద నెపం వేస్తే వైఫైకి పోయేదేమీ లేదు. అసలు జబ్బుకు టైము దొరుకుతుంది. నాకున్న భయం అదొక్కటే.

కావున తల్లిదండ్రులకు నా విన్నపాలు.

ఒకటి. నాడి చూడటం నేర్చుకోండి. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. పదేళ్ల పిల్లకు కూర్చుని ఉండగా సుమారు 70 నుంచి 110 మధ్య ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు 180 దాటితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

రెండు. పరుగెడుతూ స్పృహ తప్పినా, ఆటలో ఛాతీ నొప్పి వచ్చినా, పెదవులు నీలంగా మారినా, వంశంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా డాక్టరుకు చెప్పి తీరాలి. ఈసీజీ అయిదు నిమిషాల పని. మనకు మిలిటరీ ఆస్పత్రులున్నాయి, 2003 నుంచి ఈసీహెచ్ఎస్ ఉంది. వాడుకోండి.

మూడు. గొంతునొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో కొన్ని గొంతు ఇన్‌ఫెక్షన్లు కీళ్లవాతపు జ్వరంగా మారి గుండె కవాటాలను పాడుచేస్తాయి. ఆ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయాలి. మధ్యలో మానకూడదు.

నాలుగు. రక్తహీనత వల్ల కూడా దడ వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర, నులిపురుగుల మాత్ర పిల్లలు మింగారో లేదో కనుక్కోండి.

అయిదు. వైఫై కన్నా దాని కొసన ఉన్న ఫోనుతో ఎక్కువ నష్టం. రాత్రి పన్నెండు దాకా ఫోను చూసే పిల్లకు నిద్ర లేదు, ఆట లేదు, ఒళ్లు పెరుగుతుంది. అయిదు నుంచి పదిహేడేళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనం పీటీ చేసి పెరిగినవాళ్లం. మన పిల్లలకు ఆ గంట మనమే ఇప్పించాలి.

స్కూలు వారినీ అడుగుదాం. అవసరం లేనప్పుడు వైఫై ఆపమనడం, డబ్బాను పిల్లల తలల దగ్గర కాక ఎత్తులో పెట్టమనడం తప్పు కాదు, ఖర్చూ లేదు. దానికన్నా ముఖ్యంగా ప్రతి బడిలో గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం తెలిసినవాళ్లు నలుగురుండాలి. ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఈ విద్య మనలో చాలామందికి వచ్చు. వారానికి ఒక గంట ఇచ్చి పక్కనున్న బడిలో నేర్పిద్దాం. మన సంఘం ఈ ఏడాది ఈ పని చేపట్టాలని, ముందుగా నా పేరు రాసుకోవాలని కోరుతున్నాను.