ముళ్ళకంప కాదు, మన అడవి



మా ఎదురింటావిడ ఈమధ్య సింగపూరులో కొడుకు దగ్గరికి వెళ్ళొచ్చారు. అక్కడి బొటానికల్ గార్డెన్‌లో, ఊరి మధ్యనే, ఆరు హెక్టార్ల వర్షారణ్యం చూశారట. అంటే సుమారు 15 ఎకరాలన్నమాట. 1859లో తోట వేసేనాటికే ఆ అడవి ఉంది. దాన్ని కొట్టెయ్యకుండా అట్టేపెట్టి చుట్టూ తోట పెంచారు. 2015లో యునెస్కో ఆ తోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

"మన దిల్‌సుఖ్‌నగర్‌లో ఏముందండీ, దుకాణాలు తప్ప!" అని ఆవిడ నిట్టూర్చారు.

"ఎల్బీనగర్ దాటితే మనకూ అడవి ఉందిగా" అన్నాను.

"ఆ జింకల పార్కా? అన్నీ ముళ్ళకంపలేగా!" అని నవ్వేశారు.

ఆ ముళ్ళకంప సంగతే ఇవాళ చెప్పుకుందాం.

వనస్థలిపురం దగ్గర, విజయవాడ రోడ్డు పక్కన ఉన్న ఈ నేల ఒకప్పుడు నిజాముల వేటమైదానం. మహావీరుని 2500వ నిర్వాణ వత్సరం సందర్భంగా 1975లో దీనికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. 1994లో నేషనల్ పార్కు అయింది. విస్తీర్ణం సుమారు 3,600 ఎకరాలు! వేటాడిన చోటే వేటను మాన్పించి జింకలకు నీడనిచ్చారు.

సింగపూరులో ఏడాది పొడుగునా వానే. మనకేమో వానంతా నాలుగైదు నెలల్లోనే కురిసిపోతుంది. అందుకని మన అడవి తుమ్మా, రేగూ, వేపా, మధ్యమధ్య గడ్డీ. ఎండాకాలంలో ఆకు రాల్చుకుని ఊరుకుంటుంది. అది ఎండిపోవడం కాదమ్మా, నీళ్ళు పొదుపు చెయ్యడం! మనం నీళ్ళ ట్యాంకరు వచ్చేదాకా బిందెలు సర్దుకోవడం లేదూ?

కృష్ణజింకకు ఈ బయలే కావాలి. దూరంనుంచే అపాయం పసిగట్టి పరుగెత్తి తప్పించుకునే జీవి అది. అందంగా ఉంటుందని అక్కడ దట్టంగా చెట్లు నాటి, పచ్చిక పరిచామనుకోండి, దాని ఇల్లు మనమే కూల్చినట్టు.

ఇంకోమాట. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ పూస్తాయి? ఇలాంటి మెట్టనేలల్లోనే. ఒక్కొక్క బీడూ కాలనీగా మారిపోతుంటే, ఆ పూలు బజారులో కొనుక్కోవలసి వస్తోంది. ఇదీ బీడే కదా అనుకుంటే, రేపు కొందామన్నా దొరకవు.

ఈసారి పిల్లల్ని తీసుకువెళ్ళండి. దిల్‌సుఖ్‌నగర్‌నుంచి మెట్రోలో ఎల్బీనగర్, అక్కణ్ణుంచి ఆటో. పులిహోర ఇంటి దగ్గరే తినిపించండి. ప్లాస్టిక్ కవర్లు తీసుకువెళ్ళొద్దు. జింకలకు బిస్కెట్లు వెయ్యొద్దు. పూలు కొయ్యొద్దు. "ఇదేం అడవి?" అని పిల్లలు అడిగితే, "మన అడవి ఇలాగే ఉంటుంది నాన్నా" అని చెప్పండి.

మా ఎదురింటావిడా వస్తానన్నారు, వచ్చే ఆదివారం. సెలవు.