‘అంత లేదు’, ‘కంటే కాదు’: చైనీస్‌లో పోలికను కాదనడం



ఐర్లండులో తెలుగు గురించి మాట్లాడేటప్పుడు ముందుగా తలచుకోవలసిన పేరు జె.పి.ఎల్. గ్విన్. ఐరిష్ కుటుంబం నుంచి వచ్చి, ఐ.సి.ఎస్. అధికారిగా తెలుగునాట పనిచేశారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారితో కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో ఇంగ్లీషులో వెలువడింది. 1991లో గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆయన స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం.

ఇక చైనీస్ సంగతి. ఐర్లండులో బడి చదువు చివర రాసే లీవింగ్ సర్టిఫికెట్‌ పరీక్షకు మాండరిన్ చైనీస్ 2020లో పాఠ్యాంశమైంది. తొలి పరీక్ష 2022లో జరిగింది. డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో మన పిల్లలెవరైనా దాన్ని ఎంచుకుంటే, పోలికను కాదనే దగ్గర తడబడే అవకాశం ఉంది. అక్కడ వాళ్లకు ఇంటి తెలుగే అక్కరకొస్తుందని నా వాదన.

చైనీస్‌లో ‘పి’ మన ‘కంటే’ పని చేస్తుంది. ‘చిన్‌థ్యెన్ పి చ్వోథ్యెన్ లెంగ్’: ఇవాళ నిన్నటికంటే చలి. దీన్ని కాదనడానికి కొత్తవాళ్లు ‘లెంగ్’ (చలి) ముందు, కాదనే మాట ‘పు’ తగిలిస్తారు. అది చెల్లదు. సరైన దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది ‘మెయ్‌యౌ’. ‘చిన్‌థ్యెన్ మెయ్‌యౌ చ్వోథ్యెన్ నమ లెంగ్.’ మెయ్‌యౌ అంటే లేదు, నమ అంటే అంత. ఇవాళ నిన్నటంత చలి లేదు! మాటల వరస మారింది, సరుకు మాత్రం మనదే.

రెండోది ‘పు పి’. ఆడమ్స్‌టౌన్ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఒకరు ‘నిన్నటికంటే చలి’ అన్నారనుకోండి. ‘నిన్నటికంటే చలేం కాదులే’ అనాలంటే ఇదే వాడాలి. చలి నిన్నటిలాగే ఉండొచ్చు, తగ్గీ ఉండొచ్చు. పెరగలేదన్నదే ఇక్కడ పట్టు. ఎదుటివారి మాటనో, మనసులోని ఊహనో ఖండించేటప్పుడే ఇది బాగా అతుకుతుంది.

మూడోది ‘పు రు’, అంటే సాటి రాదు. విశేషణం లేకుండానే నిలబడుతుంది. ‘యువెన్ ఛిన్ పు రు చిన్ లిన్’ అని చైనా సామెత: దూరపు చుట్టం దగ్గరి పొరుగుకు సాటి రాడు. విశేషణం చేరిస్తే అది సాధారణంగా మెచ్చదగిన గుణమే అవుతుంది.

తేడా ఎంతో చెప్పాలంటే? ‘వాడు నా అంత పొడుగు లేడు’ అన్న వాక్యంలో రెండంగుళాలను ఇరికించలేం. ‘నాకంటే రెండంగుళాలు పొట్టి’ అంటాం. చైనీస్‌దీ అదే పద్ధతి: మెయ్‌యౌని వదిలి, పొట్టి అనే మాటతో మళ్లీ ‘పి’ దగ్గరకు వస్తుంది.

ఇంగ్లీషు పై మూడింటిలో మొదటి రెండు కాదనడాలనూ ఒకే ‘నాట్’తో నడిపిస్తుంది. తెలుగు ‘అంత లేదు’, ‘కంటే కాదు’ అని విడదీస్తుంది; చైనీస్ ‘మెయ్‌యౌ’, ‘పు పి’ అని విడదీస్తుంది. అన్నిచోట్లా ఈ జత కుదరదు గానీ, పోలికల్లో చక్కగా కుదురుతుంది. కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. చైనీస్ హోంవర్కులో పోలిక వాక్యం వచ్చినప్పుడు, ‘దీన్ని తెలుగులో ఎలా అంటావురా?’ అని ముందు అడగండి. ‘లేదు’ వస్తే ఒక దారి, ‘కాదు’ వస్తే ఇంకో దారి. ఆ తేడా పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంట్లో తెలుగు వినబడుతుంటే చాలు.