గల్వాన్ వీరుడు కర్నల్ సంతోష్ బాబు



అశోక్ చౌక్‌లో మగ్గం నమ్ముకొని స్థిరపడిన ఎన్నో కుటుంబాల పూర్వీకులది తెలంగాణమే. ఆ గడ్డ మీది సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు అధిపతి అయ్యారు.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులు రాళ్లతో, ఇనుప కడ్డీలతో విరుచుకుపడ్డారు. వాస్తవాధీన రేఖ వద్ద తుపాకీ పేల్చరాదన్నది 1996 నాటి ఒప్పందం. ఆ కట్టుబాటులో ఉండి ఎదురు నిలవడం సామాన్యమా! తీవ్రంగా గాయపడినా ఆయన వెనుదిరగలేదు. ముందు నిలిచే తన వారిని నడిపించారు. ఆయనతో కలిపి 20 మంది అసువులు బాశారు. అప్పటికి ఆయన వయస్సు 37 ఏళ్లు. ఇద్దరు పసిబిడ్డల తండ్రి.

మరణానంతరం ప్రకటించిన మహావీర చక్రాన్ని 2021 నవంబరు 23న రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన తల్లి, భార్య అందుకున్నారు.