ఒకే స్టూడెంట్, రెండు ఫీజులు: డూప్లికేట్ ఎంట్రీలను డేటాబేస్‌లోనే ఆపడం ఎలా?

ఈరోజు టాపిక్ డూప్లికేట్ ఎంట్రీలు. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

కోడింగ్ కొత్తగా నేర్చుకున్న రోజుల్లో ఒక కోచింగ్ సెంటర్‌కి అడ్మిషన్ల యాప్ చేసిచ్చాను. ఒకరోజు ఒక పేరెంట్ ఫోన్ చేశారు. "బాబూ, మా అమ్మాయి చేరింది ఒక్క కోర్సులోనే కదా, రెండు ఫీజులు కట్టమని మెసేజ్ వచ్చిందేంటి?" ఆయన ఆటో నడుపుతారు. రెండో ఫీజు కోసం అప్పటికే అప్పు అడుగుతున్నారట. ఆ మాటకి నాకు నోట మాట రాలేదు.

టేబుల్ చూశాను. అమ్మాయి ఫోన్లో ఉదయం బ్యాచ్ నొక్కింది. సరిగ్గా అదే టైమ్‌కి ఆఫీసులో వాళ్లు సాయంత్రం బ్యాచ్‌లో ఎక్కించారు. మరి నేను చెకింగ్ పెట్టలేదా? పెట్టాను. ముందు సెలెక్ట్ చేసి చూడు, లేకపోతే ఇన్సర్ట్ చెయ్యి అని రాశాను. కానీ రెండు రిక్వెస్టులూ ఒకేసారి వస్తే రెండింటికీ "లేదు" అనే కనిపిస్తుంది. బస్సులో ఒకే ఖాళీ సీటు చూసి ఇద్దరు పరిగెత్తినట్టు. దీన్నే రేస్ కండిషన్ అంటారు. అందుకే కాపలా కోడ్‌లో మాత్రమే ఉంటే చాలదు, డేటాబేస్‌లో ఉండాలి.

మన దగ్గర స్టూడెంట్స్, బ్యాచెస్, ఎన్‌రోల్‌మెంట్స్ అని మూడు టేబుల్స్ ఉన్నాయి. ఎన్‌రోల్‌మెంట్స్‌లో స్టూడెంట్ ఐడీ, బ్యాచ్ ఐడీ రెండూ కలిపి యూనిక్ పెడితే అదే బ్యాచ్‌లో రెండోసారి ఎక్కదు. కానీ ఇక్కడ బ్యాచులు వేరు, కోర్సు ఒకటే. ఆ కోర్సు ఐడీ ఏమో బ్యాచెస్ టేబుల్‌లో ఉంది. యూనిక్ రూల్ ఒక టేబుల్ వరకే చూస్తుంది, పక్క టేబుల్‌లోకి తొంగి చూడదు.

అందుకే ఇలా చేశాను. ఒకటి, ఎన్‌రోల్‌మెంట్స్‌లోకి కోర్సు ఐడీ కాలమ్ తెచ్చాను. రెండు, బ్యాచెస్‌లో బ్యాచ్ ఐడీ, కోర్సు ఐడీ జతకి యూనిక్ పెట్టి, ఎన్‌రోల్‌మెంట్స్ నుంచి ఆ జతకే ఫారిన్ కీ ఇచ్చాను. ఇక బ్యాచ్‌కి తప్పు కోర్సు రాయడం కుదరదు. మూడు, ఎన్‌రోల్‌మెంట్స్‌లో స్టూడెంట్ ఐడీ, కోర్సు ఐడీ కలిపి యూనిక్. అంతే!

జాగ్రత్తలు కూడా వినండి. పాత డూప్లికేట్లు ఉంటే ఈ రూల్ ఎక్కదు, గ్రూప్ బై, హ్యావింగ్ కౌంట్‌తో ముందు వెతికి తీసేయండి. ఈ మూడు కాలమ్స్‌కీ నాట్ నల్ పెట్టండి, ఎందుకంటే మైఎస్‌క్యూఎల్‌లో, మామూలుగా పోస్ట్‌గ్రెస్‌లో కూడా, యూనిక్ నల్‌లను ఒకటిగా లెక్కపెట్టదు. డూప్లికేట్ వస్తే మైఎస్‌క్యూఎల్ 1062, పోస్ట్‌గ్రెస్ 23505 ఎర్రర్ ఇస్తాయి. దాన్ని పట్టుకుని "మీరు ఇప్పటికే ఈ కోర్సులో ఉన్నారు" అని మర్యాదగా చూపించండి.

ఆ రాత్రే రెండో ఎంట్రీ తీసేసి, ఆయనకి నేనే ఫోన్ చేసి సారీ చెప్పాను. మనకి అది ఒక రో, ఆయనకి ఒక నెల సంపాదన. ఈరోజే మీ ప్రాజెక్ట్ టేబుల్స్ తెరిచి ఒకసారి చూడండి. డౌట్లుంటే కామెంట్లో అడగండి. మళ్లీ కలుద్దాం, బై!