మాట ఎవరి చేతిలో ఉంది?

(గ్రామ కార్యకర్తల తరగతిలో మేము చేసిన ప్రసంగ పాఠం)



ఇవ్వాళ్టి అంశం వినగానే మీలో కొందరు నవ్వుకున్నారు. "కూలి రేట్ల గురించి చెప్పండయ్యా, ఇంగ్లీషు మాటలు మాకెందుకు" అని వెనకనించి ఒకాయన అననే అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఆయన నోట్లోనే ఉంది. మొన్న గొడవైనప్పుడు స్టేషన్ మెట్ల మీద నిలబడి మనం ఏమన్నాం? "అట్రాసిటీ కేసు కట్టాలి" అన్నాం. సంతకం రానివాళ్ళు కూడా ఆ మాట స్పష్టంగా అన్నారు. అది ఇంగ్లీషు మాట కాదూ?

ఆ మాట ఇంగ్లీషులో పాతదే. ఘోరం, దారుణం అని అర్థం. దొరలు యుద్ధాల గురించి రాసేటప్పుడు వాడుకునేవాళ్ళు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి నరికారు. 1987లో నీరుకొండ. 1989లో పార్లమెంటు చట్టం చేసింది, 1990 జనవరి 30 నించి అమల్లోకి వచ్చింది. వచ్చిన ఏడాదిన్నరకే, 1991 ఆగస్టు 6న, చుండూరు. ఆ చట్టంలో ఈ పాత మాటకి కొత్త అర్థం రాశారు. తినకూడనిది బలవంతాన తినిపించడం, బట్టలూడదీసి తిప్పడం, భూమి లాక్కోవడం, మనం తాగే నీళ్ళు పాడుచేయడం, ఓటు వేయనీయకపోవడం - ఇవన్నీ ఒక్క మాట కిందికి వచ్చినై. అంతకుముందు ఇవి "ఊళ్ళో జరిగే మామూలు సంగతులు". తెలుగులో దీన్ని "అత్యాచారాల నిరోధక చట్టం" అన్నారు. పేపర్లవాళ్ళేమో అత్యాచారమంటే మానభంగం అనే రాస్తారు. అందుకే మన జనం ఆ తర్జుమాని పక్కనబెట్టి "అట్రాసిటీ" అనే పట్టుకున్నారు. పండితులకి దొరకని తెలివి వాడకి దొరికింది.

కాబట్టి మాట అంటే ఉత్త శబ్దం కాదు. జరిగిన అన్యాయానికి పేరు లేకపోతే దాన్ని కాగితం మీద పెట్టలేం. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. 1960 నించి 2000 దాకా ఇంగ్లీషులోకి వేల మాటలు కొత్తగా వచ్చినై. కంప్యూటరు మాటలు, మందుల పేర్లు, సినిమా మాటలు. అవి అట్లా ఉంచండి. దెబ్బలు తిన్నవాళ్ళు పుట్టించిన మాటలు కొన్ని ఉన్నాయి, దెబ్బలు కొట్టినోళ్ళు పుట్టించిన మాటలు కొన్ని ఉన్నాయి. మాకు కావలసింది అవి.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో కార్నెల్ అని పెద్ద యూనివర్సిటీ ఉంది. అందులో కార్మిటా వుడ్ అని ఒకామె ఎనిమిదేళ్ళు ఆఫీసు పని చేసింది. అక్కడి ప్రొఫెసర్ ఒకడు ఆమె మీద చేతులు వేయడం, దారికాయడం, వెకిలి చేష్టలు చేయడం. భయంతో, అసహ్యంతో ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నది. వేరే చోటికి మార్చమంటే మార్చలేదు. ఉద్యోగం వదిలేసింది. ఆ దేశంలో పని పోయినవాళ్ళకి భృతి ఇస్తారు. దరఖాస్తు పెట్టుకుంది. "పని ఎందుకు మానేశావు?" అని ఫారంలో ఒక గడి. ఆ గడిలో ఏం రాయాలి? ఆ జరిగినదానికి ఇంగ్లీషులో పేరు లేదు! పెద్ద పెద్ద నిఘంటువులున్న భాష, ప్రపంచాన్ని ఏలిన భాష, ఒక ఆడమనిషి ఆఫీసులో రోజూ పడే నరకానికి దాంట్లో ఒక్క మాట లేకపోయింది. చివరికి ఆమె "వ్యక్తిగత కారణాలు" అని చెప్పింది. భృతి ఇవ్వం పొమ్మన్నారు.

అక్కలారా, ఆ గడి మీకు తెలియదా? ఫలానా ఆసామి చేలోకి కలుపుకి ఎందుకు పోవడం మానేశావమ్మా అంటే మనవాళ్ళేమంటారు? "ఒంట్లో బాగుండట్లేదు" అంటారు. మొగుడికి కూడా అదే చెబుతారు.

1975లో ఆ యూనివర్సిటీ ఉన్న ఇథాకా ఊళ్ళో లిన్ ఫార్లీ మొదలైన కొందరు ఆడవాళ్ళు ఈమెకి తోడు నిలిచారు. మేం మేం పడ్డవి బయటపెడతామని సభ పెట్టాలనుకున్నారు. సభకి కరపత్రం వేయాలి గదా, దేని గురించి అని వేయాలి? బెదిరింపు అందామా, బలవంతం అందామా, దోపిడీ అందామా అని తర్జనభర్జన పడ్డారు. ఏదీ సరిపోలేదు. చిన్న చూపు నించి పెద్ద నేరం దాకా అన్నీ పట్టే మాట కావాలి. చివరికి "సెక్సువల్ హెరాస్‌మెంట్" అన్నారు. మనం ఇప్పుడు లైంగిక వేధింపులు అంటున్నదే. చూశారా, ఆ మాట కరపత్రం కోసం పుట్టింది. మనలాంటివాళ్ళు నలుగురు కూచుని మాట్లాడుకుంటుంటే పుట్టింది. ఏ అకాడమీ ఇవ్వలేదు.

1986లో మెషెల్ విన్సన్ అనే నల్లజాతి ఆడకూతురు, బ్యాంకు ఉద్యోగి, పెట్టిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇది చట్టవిరుద్ధమైన వివక్షే అన్నది. కరపత్రం మీది మాట పదకొండేళ్ళలో కోర్టు తీర్పులో కూచుంది.

మరి మన దేశంలో అప్పుడు ఏమనేవాళ్ళు? "ఈవ్ టీజింగ్". ఇది కూడా ఇంగ్లీషే, కానీ మన దేశం పేపర్లలో, పోలీసు నోళ్ళలో బాగా పెరిగిన ఇంగ్లీషు. టీజింగ్ అంటే ఆటపట్టించడం. మరదల్ని బావ ఆటపట్టించినట్టు! నేరాన్ని పరాచికం చేసిన మాట అది. దాన్ని పక్కకి నెట్టడానికి రాజస్థాన్‌లో భటేరీ గ్రామం కావలసి వచ్చింది. భన్వరీదేవి కుమ్మరి కులం మనిషి. ప్రభుత్వ కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేస్తూ, పై కులం ఇంట్లో పసిబిడ్డ పెళ్ళి ఆపబోయింది. 1992లో ఆమె మీద సామూహిక మానభంగం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులని ఆ నేరం నించి వదిలేసింది. ఆ ఘోరం చూసి విశాఖ అనే సంస్థా, మరికొన్ని మహిళా సంఘాలూ సుప్రీంకోర్టుకి పోతే 1997 ఆగస్టు 13న లైంగిక వేధింపుల మీద మార్గదర్శకాలు వచ్చినై. 2013లో చట్టం వచ్చింది. ఏసీ గదుల్లో పనిచేసే ఆడవాళ్ళు దాన్ని వాడుకుంటున్నారు, వాడుకోవాలి కూడా. కానీ ఆ చట్టం తెప్పించింది కుమ్మరి ఇంటి మనిషి. ఆమెకి మాత్రం న్యాయం దొరకలేదు. ఇంకొక సంగతి రాసుకోండి: ఆ చట్టం కూలి ఆడవాళ్ళకీ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ కూడా వర్తిస్తుంది. ఆసామి మీదే ఫిర్యాదైతే జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి, దానికి పెట్టుకోవచ్చు. మీ జిల్లాలో ఆ కమిటీ ఉందో లేదో కలెక్టరాఫీసులో అడగండి.

ఇక పేర్ల సంగతి. అమెరికాలో నల్లవాళ్ళని తెల్లవాళ్ళు "నీగ్రో" అనేవాళ్ళు. మర్యాదగానే అంటున్నాం అనుకునేవాళ్ళు. మనల్ని "హరిజనులు" అన్నట్టు. 1966 జూన్‌లో మిసిసిపీ రాష్ట్రంలో భయాన్ని ఎదిరిస్తూ పాదయాత్ర నడుస్తోంది. దాన్ని మొదలుపెట్టిన జేమ్స్ మెరెడిత్‌ని దారిలో తుపాకీతో కాల్చారు. మిగతావాళ్ళు ఆగలేదు. 16వ తేదీన గ్రీన్‌వుడ్ ఊళ్ళో స్టోక్లీ కార్మైకేల్ అనే కుర్రాడు జైలు నించి వస్తూనే సభలో "బ్లాక్ పవర్" అన్నాడు. నల్లవాడి అధికారం. జనం తిరిగి అరిచారు. బ్లాక్ అనేది అంతకుముందు తిట్టు. ఆ తిట్టునే తీసి నెత్తిన జెండాలా పెట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, రాజా ఢాలే, జె.వి. పవార్ వాళ్ళు ఆ పేరు చూసే దళిత్ పాంథర్స్ అన్నారు. వాళ్ళకంటే ముందే బాబాసాహెబ్ 1946లో నల్లజాతి మేధావి డుబాయ్స్‌కి ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి మీరు పెట్టిన విన్నపం కాపీ పంపమని అడిగాడు. దెబ్బతిన్నవాళ్ళు ఒకరి మాట ఒకరు అరువు తెచ్చుకోవడం కొత్త కాదు. కారంచేడు తర్వాత మన దళిత మహాసభ పేరులోకి వచ్చిందీ ఆ మాటే. ఇప్పుడు "దళిత్" ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. 2018 ఆగస్టులో కేంద్ర సమాచార శాఖ టీవీలవాళ్ళకి కాగితం పంపింది, దళిత్ అనకండి, షెడ్యూల్డ్ క్యాస్ట్ అనండి అని. అంటరానివాడు అన్నన్నాళ్ళూ ఎవరూ కాగితం పంపలేదు.

అవతలి వైపు ఊరుకుందా? వాళ్ళకీ మాటలు కావాలి. 1961 మార్చి 6న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. సర్కారు కాంట్రాక్టులు చేసేవాళ్ళు జాతి చూడకుండా పని ఇవ్వాలి, అందుకు "అఫర్మేటివ్ యాక్షన్" తీసుకోవాలి అని. ఆ మాట అందులో చేర్చింది హోబార్ట్ టేలర్ అనే నల్లజాతి లాయరు. మన రిజర్వేషన్ అంత గట్టిది కాదు, అయినా కొన్ని తలుపులు తెరిచింది. తెరవగానే "రివర్స్ డిస్క్రిమినేషన్" అనే మాట లేచింది. తిరగబడ్డ వివక్షట! మూడొందల ఏళ్ళ వివక్షకి లేని కోపం పదేళ్ళ సీట్లకి వచ్చింది. 1996లో కాలిఫోర్నియాలో ఓటింగు పెట్టి దాన్ని రద్దు చేశారు. ఆ ప్రతిపాదనకి వాళ్ళు పెట్టుకున్న పేరు "పౌరహక్కుల ప్రతిపాదన". లోపల "అఫర్మేటివ్ యాక్షన్" అన్న మాటే లేకుండా రాశారు. మన జెండా గుడ్డతోనే మనకి ఉరితాడు పేనారు. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు కాలేజీ సీట్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది.

అన్నిటికంటే తమాషా "మెరిటోక్రసీ" కథ. 1990లో మండల్ వ్యతిరేకులు మెరిట్ చచ్చిపోతోందని రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు చూడండి. మన తాతలు బతుకంతా చేసిన పని వాళ్ళకి ఒక పూట నిరసనైంది. ప్రతిభ గలవాళ్ళ పాలన అని ఆ మాటకి అర్థం. దాన్ని జనంలోకి తెచ్చింది ఇంగ్లండులో మైకేల్ యంగ్, 1958లో రాసిన పుస్తకంతో. ఆయన లేబర్ పార్టీ మనిషి. ఆ పుస్తకం పొగడ్త కాదు, వెక్కిరింత! తెలివిని కొలిచి మనుషుల్ని పైకీ కిందికీ తోసే రాజ్యం ఎట్లా ఉంటుందో ఊహించి రాశాడు. పైవాళ్ళు తమ గొప్పే అనుకుని పొగరెక్కుతారు, కిందివాళ్ళకి ఆత్మగౌరవం కూడా మిగలదు, చివరికి 2034లో తిరుగుబాటు వస్తుంది - ఇదీ కథ. చదివినవాళ్ళు వెక్కిరింతని వదిలేసి మాటని ఎత్తుకుపోయారు. ఇంగ్లండు ప్రధాని టోనీ బ్లెయిర్ దాన్ని గొప్పగా వాడుతుంటే 2001లో ఆ ముసలాయన, ఆ మాట ఇక మానండయ్యా అని పేపర్లో రాసుకోవలసి వచ్చింది. ఇకమీదట మీ దగ్గర ఎవడన్నా మెరిట్ అంటే ఈ కథ చెప్పండి. క్యాపిటేషన్ ఫీజు మెరిట్ సంగతి కూడా అడగండి.

చంపడానికీ మాటలు తయారైనై. 1991 గల్ఫ్ యుద్ధంలో టీవీల్లో "కొలేటరల్ డ్యామేజ్" అని మోగింది. పక్కన జరిగిన నష్టం అని. ఆ ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లో అమీరియా షెల్టరులో తలదాచుకున్న నాలుగొందల మందికి పైగా జనం అమెరికా బాంబులకి కాలిపోయారు. ఆ కాసేపటికి యుగోస్లావియా యుద్ధాల్లోంచి "ఎత్నిక్ క్లెన్సింగ్" వచ్చింది. జాతిని ఊడ్చి శుభ్రం చేయడం. మనుషుల్ని మురికి అన్నాక ఊడ్చేయడం ఎంతసేపు? మురికి అనిపించుకున్న మనకి వేరే చెప్పాలా. ఇక మన ఆంధ్రదేశం ఇంగ్లీషుకి ఇచ్చిన కానుక "ఎన్‌కౌంటర్". అనుకోకుండా ఎదురుపడటం అని అర్థం. శ్రీకాకుళం రోజుల నించి దానికి వేరే అర్థం వచ్చింది. మన పల్లెల్లో ముసలమ్మ కూడా "పిల్లోణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు" అంటది. ఎదురుపడటాన్ని ఒకరు ఇంకొకరికి ఎట్లా చేస్తారు? ఆమె వ్యాకరణంలోనే పోస్ట్‌మార్టం రిపోర్టు ఉంది.

ఆఖరిగా ఒక మాట మీద జరుగుతున్న కొట్లాట. 1965 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో జాతి వివక్షకి అర్థం చెబుతూ "డిసెంట్" అని ఒక మాట వేశారు. పుట్టుక అని. 2001లో దక్షిణాఫ్రికాలో డర్బన్ సభకి మనవాళ్ళు వెళ్ళి, కులం కూడా అందులోదే అన్నారు. భారత ప్రభుత్వం కాదు, కులం మా ఇంటి వ్యవహారం అన్నది. ఊళ్ళో పెద్దమనుషులు అనే మాటే. మరుసటి ఏడు, 2002లో, ఆ ఒప్పందం చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ, డిసెంట్ అంటే కులం కూడా వస్తుంది అని తేల్చి రాసింది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో సియాటెల్ నగరం వివక్ష చూపకూడని వాటి జాబితాలో "క్యాస్ట్" అనే మాట చేర్చింది. మన తెలుగువాళ్ళు కంప్యూటరు ఉద్యోగాలకి పోతూ మూటలో ఆవకాయతోబాటు కులాన్ని కూడా కట్టుకుపోయారు గదా. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేసింది. అక్టోబరులో గవర్నరు దాన్ని ఆపేశాడు. ఇప్పుడున్న చట్టంలో "వంశం" అనే మాట ఉంది, వేరే మాట అక్కర్లేదు అన్నాడు. ఆ అక్కర్లేని మాట చేరకుండా చూడటానికే సంఘాలు కట్టి, డబ్బులు పోగేసి తిరిగినవాళ్ళు ఎవరో, వాళ్ళ ఇంటిపేర్లేమిటో మేం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మీరు మాట్లాడండి. మీ ఊళ్ళో రోజూ జరిగేది, ఏమని ఫిర్యాదు రాయాలో తెలియనిది ఏదుంటే అది చెప్పండి. ముందు ఆడవాళ్ళు.